నీళ్ళు తగిలితే పోయే జాతి

ఆ పిట్ట గొంతు నారింజ రంగని పెద్దసారు పదిమందికి ఫోన్లు చేసి చెప్పేసిన తరువాత దూదమ్మ దాన్ని కడిగింది. గొడవంతా అదే.

పెద్దసారంటే మ్యూజియం అధికారి. మేడమీద ఆయన గది. గదికి రెండు తలుపులు. ఒక తలుపు తడితే రెండో తలుపులోంచి వెళ్ళిపోతాడు. దూదమ్మంటే మెట్లకింద గదిలో చచ్చిన పిట్టలకు చర్మం తీసి, లోపల దూది కూరి, కుట్టి, బల్లమీద వరుసగా పడుకోబెట్టే మనిషి. ఆమె అసలు పేరు హాజరుపుస్తకంలో ఉంది. అక్కడినుంచి అదెప్పుడూ బయటికి రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే కత్తి. ఇప్పటికీ ఆమెది తాత్కాలిక ఉద్యోగమే. పంతొమ్మిదేళ్ళను తాత్కాలికం అని రాసుకోవడానికి సిగ్గుపడని ఆఫీసులున్నాయి. ఇదొకటి.

ఆ బల్ల ఆమెకు మిగులుతుందా, పోతుందా? ఇందులో తేలవలసింది అంతే.

ఆ ఏడాది మ్యూజియానికి కొత్తగా అద్దాల భవనం వచ్చింది. కట్టించిన డబ్బున్నాయన్ని పనివాళ్ళు అద్దాల దొర అనేవారు. నేల నుంచి కప్పుదాకా అద్దమే. పిట్టలకు అద్దం తెలియదు. అందులో కనపడే ఆకాశాన్ని ఆకాశమే అనుకుని వచ్చి గుద్దుకుంటాయి. రోజుకు రెండో మూడో రాలేవి. పిట్టల మ్యూజియం పిట్టల్ని చంపుతోందని ఎవరైనా అడగాలి కదా. ఎవరూ అడగలేదు. ఊడ్చేవాళ్ళు వాటిని చేటలోకి ఎత్తి మెట్లకిందికి పంపేవారు.

ఒకరోజు పొద్దున్నే ఆ అద్దం కింద పెద్దసారే స్వయంగా ఒక పిట్టను చూశాడు. బొటనవేలంత ఉంది. సగం వంచిన సూదిలాంటి ముక్కు. మట్టిరంగు వీపు, లేత పసుపు పొట్ట. గొంతు మాత్రం ముక్కు మొదలు నుంచి రొమ్ముదాకా నిండు నారింజ. పుస్తకాలు తిరగేశాడు. అలాంటిది లేదు. ఫోటోలు తీశాడు. మధ్యాహ్నం భోజనంవేళకి కొత్త జాతి పుట్టింది. చెయ్యి కడుక్కునేలోగా దానికి అద్దాల దొర పేరు పెట్టడమూ అయిపోయింది. ఆలూ లేదు, చూలూ లేదు, పేరు మాత్రం తయారు.

అప్పుడు పిట్టను చేతిరుమాల్లో చుట్టుకుని కిందికొచ్చాడు. ఆయన ఆ మెట్లు దిగడం దూదమ్మ చూసింది పంతొమ్మిదేళ్ళలో రెండోసారి. మొదటిసారి దీపం పోయి దారి తప్పి వచ్చాడు.

“ఇది జాగ్రత్త. ఇలాంటిది లోకంలో ఇదొక్కటే ఉంది.”

దూదమ్మ రుమాలు విప్పి చూసింది. “తేనెపిట్ట కదా సార్. ఆడది. వెనక తీగమీదికి రోజూ వస్తాయి.”

“నిన్ను అడిగానా?”

“లేదండి.”

“అయితే చర్మం తీయి. ఐదుగంటలకి నా బల్లమీద ఉండాలి.”

ఆమె తీసింది. చిన్న పిట్టకు చర్మం తియ్యడమంటే తడికాగితం మీంచి తడికాగితాన్ని వేరుచెయ్యడం. రొమ్ము ఎముక నుంచి కింది దాకా గోరంత కోత. తడి పీల్చడానికి రంపపు పొట్టు చల్లుతూ, వేలి చివరతో నెడుతూ, చేతితొడుగు తిరగేసినట్టు చర్మాన్ని తలమీదికి తిరగెయ్యాలి. ఒళ్ళు బయటపడ్డాక కడుపులో చూడాలి. మగదైతే రెండు తెల్లని గింజలు. ఆడదైతే గసగసాలు గుత్తిగా అంటించినట్టు ఉంటుంది. గసగసాలే కనపడ్డాయి. ఆడదని కాగితంముక్క మీద రాసిపెట్టింది.

అద్దానికి గుద్దుకున్న పిట్ట కదా, ముక్కులోంచి కారిన రక్తం గొంతుమీద ఎండిపోయి ఉంది. రక్తం వదిలేస్తే పురుగు పడుతుంది. నీళ్ళలో దూది ముంచి అద్దింది. ముందు ఎర్రగా వచ్చింది. తరువాత నారింజగా వచ్చింది. తుడిచేకొద్దీ వచ్చింది. చివరికి గొంతుమీద ఏమీ మిగల్లేదు. తెలుపు. కొంచెం బూడిద కలిసిన తెలుపు. ఆడ తేనెపిట్టలన్నిటికీ ఉండే తెలుపు.

దూదమ్మ గదిలో ఒక్కతే నవ్వుకుంది. నవ్వాల్సిందే. పువ్వులో తలపెట్టి తేనె తాగిన పిట్ట గొంతుకు పుప్పొడి అంటితే, దాన్ని చూసి చదువుకున్న మనిషి కొత్త జాతి అన్నాడు. మసిపూసి మారేడుకాయ చేసేవాళ్ళను చూశాం. ఇక్కడ పూసింది పువ్వు.

ఎప్పటిలాగే ఆరబెట్టాల్సినవి కిటికీగట్టున ఆరబెట్టింది, ఎప్పటిలాగే కూరింది, కుట్టింది. ఐదింటికి మేడమీదికి పట్టుకెళ్ళింది.

పెద్దసారు పిట్టను చూశాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు.

“ఏది?”

“ఏది ఏంటి సార్?”

“రంగేది?”

“పోయిందండి. అది రంగు కాదు, పుప్పొడి. తీగ పువ్వుల్లో తలపెడతాయి కదా—”

“ఏం పోసి ఉతికావు దీన్ని?”

“నీళ్ళు.”

“నీళ్ళకి ఈక రంగు పోతుందా?”

“పోదండి. నేను చెప్పేదీ అదే.”

గొడవ అక్కడే ఆగిపోయుండొచ్చు. పెద్దసారు తెలివితక్కువవాడు కాదు. ఆయన మొహంలో ఒక్క క్షణం అర్థమైన కళ కనపడిందని దూదమ్మ తరువాత చెప్పింది. కానీ ఫోన్లు చేసేశాడు. అద్దాల దొర ఫలానా తారీకున తన పేరున్న పిట్టను చూడ్డానికి వస్తానన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి ఒక్క నోరు చాలు. పదిమంది చెవుల్లో వేసిన దాన్ని వెనక్కి తీసుకోవడానికి పది నోళ్ళు కావాలి. అంతకంటే ఒక తాత్కాలికపు మనిషిని తీసెయ్యడం తేలిక.

మర్నాడు, సోడా పోసి పిట్టను ఎందుకూ పనికిరాకుండా పాడుచేసిందని మెమో వచ్చింది. తెచ్చినవాడు ఆమె బావ.

బావంటే అక్క మొగుడు. అదే మ్యూజియంలో చీటీలు రాసే గుమాస్తా. పిట్ట కాళ్ళకు కట్టే చీటీలన్నీ ఆయన దస్తూరే. ముత్యాల్లాంటి అక్షరాలు. పిట్ట గురించి మాత్రం ఓనమాలు తెలియవు. దూదమ్మను ఆ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. మొగుడు పోయాక ఆమెకు తమ ఇంటి కిందిగది ఇచ్చింది అక్క. ఈ రెండు సంగతులూ ఆ ఇంట్లో రోజుకొకసారైనా ఎవరో ఒకరు గుర్తుచేసేవారు.

బావ మెమోతోపాటు టైపు చేసిన ఇంకో కాగితం బల్లమీద పెట్టాడు. అందులో ఇలా ఉంది: ‘తీవ్రమైన బట్టలసోడా వాడి, నా అజాగ్రత్త వల్ల, అపురూపమైన నమూనా రంగును పాడుచేశాను. క్షమించవలసిందిగా వేడుకుంటున్నాను.’ కింద ఆమె సంతకానికి గీత.

“పెట్టెయ్,” అన్నాడు బావ. “పెడితే నిన్ను గేటు దగ్గర టిక్కెట్లు చించే పనికి మారుస్తారు. ఎండలేదు, వాన లేదు, కుర్చీ కూడా ఇస్తారు. పెట్టకపోతే పదిరోజుల్లో విచారణ. విచారణంటే తెలుసుగా, ఇంటికే.”

“నా బల్ల?”

“బల్ల ఎక్కడికి పోతుంది, ఇక్కడే ఉంటుంది. నువ్వే ఉండవు.”

“బావా, నేను సోడా వాడలేదు.”

“వాడావని ఎవరన్నారు? కాగితంలో ఉందంతే.”

పిట్ట కాలికి బావ అప్పటికే చీటీ కట్టి ఉన్నాడు. దూదమ్మ దాన్ని తిప్పి చదివింది. ‘మగ’ అని ఉంది.

“ఇది ఆడది. కాగితమ్మీద రాసి ఇచ్చాను కదా.”

“రంగున్నది మగదే అయ్యుంటుందని పెద్దసారు అన్నారు.”

“కడుపులో చూసింది నేను.”

“చీటీలో కడుపు కనపడదు మరదలా. అక్షరాలే కనపడతాయి.”

ఆమె సంతకం పెట్టలేదు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని పనిచేసుకుంది. ఆ రోజు రెండు పిచ్చుకలూ ఒక వడ్రంగిపిట్టా ఉన్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క మెట్లమీద కూర్చుని ఆరిన బట్టలు మడుస్తోంది. చెల్లెల్ని చూడగానే ఒక దుప్పటి చివర ఆమెకిచ్చింది. ఇద్దరూ దుప్పటిని చెరోవైపు పట్టుకుని లాగుతూ మాట్లాడుకున్నారు.

“పెట్టావా?”

“లేదు.”

“నోరు కాస్త కుట్టుకోవే. పిట్టల్ని అంత బాగా కుడతావుగా.”

“నేనేం తప్పు చేశానక్కా?”

“చేశావని నేనన్నానా? నిన్ను పెట్టించింది మీ బావ. రేపు నువ్వు ఎదురు తిరిగితే ఆయన్ని కూడా పట్టుకుంటారు. ఇంకో రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే ఆయన పెన్షనుతో బయటపడతాడు.”

“ఇరవైఎనిమిదేళ్ళుగా మూసుకునే ఉన్నాడుగా.”

అక్క దుప్పటి గట్టిగా లాగింది. దూదమ్మ రెండడుగులు ముందుకొచ్చింది.

“ఈ గది ఎవరిదో గుర్తుందా?”

“నువ్వు మర్చిపోనిస్తేగా.”

“ఒక చచ్చిన పిట్ట గొంతు తెల్లగా ఉంటే ఏంటి, నల్లగా ఉంటే ఏంటి? దానికేమన్నా నొప్పా?”

దూదమ్మ దుప్పటి మడత పూర్తిచేసి అక్క ఒళ్ళో పెట్టింది. “దానికి లేదు. చేతులు నావి. ఈ చేతులు సోడా పోసి పిట్టను పాడుచేశాయని నేనే రాసిస్తే, ఇన్నేళ్ళు చేసిన పనంతా అబద్ధమైపోదూ.”

“పిట్ట కొంచెం, కూత ఘనం,” అంది అక్క. తలుపు వేసేసుకుంది. మర్నాటి నుంచి పైనుంచి కిందికి కూరగిన్నె రావడం ఆగిపోయింది.

ఇంతలో రెండో పిట్ట దొరికింది. అదే అద్దం కింద, అదే నారింజ గొంతుతో. ఈసారి పెద్దసారు దాన్ని మెట్లకిందికి పంపలేదు. తనే చర్మం తీసి, నీళ్ళు తగలకుండా పొడిపొడిగా, తనే కుట్టాడు. ఆ కుట్టు చూసిన ఊడ్చే ఆవిడ, చెప్పుకి కూడా ఇంతకంటే బాగా వేస్తారని నవ్వింది. దాన్ని గాజుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. దొరకు చూపించడానికి అదే.

విచారణకు ఆరురోజులుందనగా దూదమ్మ పొద్దున్నే బావను రెక్కపట్టుకుని తన గది కిటికీ దగ్గరికి లాక్కొచ్చింది. కిటికీ బయట, పాత గోడమీద, అద్దాల భవనానికి ఆనుకుని ఒక తీగ. దానికి పొడుగు బూరల్లాంటి పూలు. లోపల వేలు పెట్టి తీస్తే వేలు నారింజగా వస్తుంది.

“చూడు.”

ఒక తేనెపిట్ట వచ్చింది. కొమ్మమీద వాలింది. ‘చివ్’ అని ఒక్కసారి అరిచి, ఒక బూరలోకి మెడదాకా దూరింది. బయటికొచ్చింది. రాకముందు తెల్లగా ఉన్న గొంతు నారింజగా ఉంది. ముక్కును కొమ్మకు అటూ ఇటూ రాసుకుని ఇంకో పువ్వులో దూరింది. కిటికీకి మూరెడు దూరంలో. గుడ్డివాడికి తప్ప అందరికీ కనపడేంత దగ్గర.

“చూశావా?”

“ఏంటి?”

“గొంతు.”

బావ జేబులు తడుముకున్నాడు. “కళ్ళద్దాలు తేలేదు.”

“ముక్కుమీదున్నాయి.”

“ఇవి చీటీలు రాసేవి. దూరం కనపడదు.” తలుపు దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా, “నేనేమీ చూడలేదు. నువ్వు కూడా నన్నేమీ చూపించలేదు,” అని వెళ్ళిపోయాడు.

అయినా ఆ తీగ ఉంది కదా, విచారణకొచ్చినవాళ్ళను ఈ కిటికీ దగ్గర నిలబెడితే చాలు అనుకుంది దూదమ్మ. ధైర్యం అక్కడ కట్టుకుంది. మూడోరోజు ఆమె వచ్చేసరికి కిటికీలో వెలుతురు ఎక్కువగా ఉంది. గోడ బోడిగా ఉంది. తోటమాలి తీగను మొదలంటా కోసి, కట్టలు కట్టి, చెత్తబండి ఎక్కించేశాడు.

“ఎవరు కొయ్యమన్నారు?”

“దొర వస్తున్నాడంట కదమ్మా. అద్దమ్మీద పువ్వుల దుమ్ము పడుతోందని పైనుంచి చెప్పారు. నారింజగా మరకలు. తుడవలేక చస్తున్నాం.”

ఆ మాట విని ఆమె అక్కడే గట్టుమీద కూర్చుంది. అద్దమ్మీద నారింజ మరక పడితే దుమ్మట. పిట్టమీద పడితే జాతట. దుమ్మన్నవాళ్ళకీ జాతన్నవాళ్ళకీ జీతమిచ్చేది ఒకే ఆఫీసు. అద్దాన్ని మాత్రం అప్పటికే కడిగేశారు.

విచారణ పెద్దసారు గదిలో జరిగింది. పెద్ద ఆఫీసు నుంచి పరీక్షకురాలు ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, బరువైన సంచి. వస్తూనే, తను మూడున్నర బండికి వెళ్ళాలని, ఎవరూ ఉపన్యాసాలివ్వద్దని చెప్పింది. ఆవిడ దూదమ్మ పక్షం కాదు. ఎవరి పక్షమూ కాదు. ఆవిడది మూడున్నర బండి పక్షం. బల్లమీద అట్టపెట్టెలో కడిగిన పిట్ట, పక్కనే గాజుపెట్టెలో రెండోది. మూలన బావ, మాటలు రాసుకోవడానికి కలంతో.

పెద్దసారు ఫోటోలు పరిచాడు. ముందు నారింజ, తరువాత తెలుపు. “ఇది జరిగిన నష్టం. సోడా తప్ప ఇంకేదీ ఈ పని చెయ్యదు.”

“నువ్వేమంటావు?” అంది పరీక్షకురాలు.

“సోడా అయితే పొట్ట పసుపు కూడా పోవాలి కదండి. అది అలాగే ఉంది. అది పుప్పొడి. నీళ్ళతో తుడిచాను. కావాలంటే ఆ గాజుపెట్టెలో దాని గొంతుమీద తడి దూది పెట్టి చూడండి.”

పెద్దసారు గాజుపెట్టెమీద చెయ్యి వేశాడు. “కుదరదు. ఉన్నది ఇదొక్కటే. ఇది కూడా పాడైతే జాతికి ఆధారమే ఉండదు.”

“నీళ్ళు తగిలితే పోయే జాతి ఏం జాతి సార్?” అంది దూదమ్మ. “మరి వానొస్తే ఏం చేస్తాయవి? గొడుగేసుకుంటాయా?”

మూలన బావ కలం ఆగింది. దీన్ని రాయాలా వద్దా అన్నట్టు చూశాడు.

“వెటకారాలొద్దు,” అంది పరీక్షకురాలు. “ఆయన చెప్పింది సబబే. ఉన్న ఒక్కదాన్ని ముట్టుకోవడానికి నేనూ ఒప్పుకోను. ఆ పువ్వుల తీగ ఎక్కడుంది?”

“కోసేశారండి.”

“ఎవరైనా చూశారా, పిట్టకు పుప్పొడి అంటడం?”

దూదమ్మ మూలకు చూసింది. బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు తుడిచాడంటే, గదిలో అందరూ ఆయన్నే చూశారు.

“చెప్పు,” అంది పరీక్షకురాలు.

“నాకు... దూరం కనపడదండి,” అని నీళ్ళు నమిలాడు.

పెద్దసారు వెనక్కి వాలాడు. పరీక్షకురాలు గడియారం చూసుకుని కాగితం మీద ఏదో గీత గీసింది. దూదమ్మకు ఆ గీత తన బల్లమీద పడినట్టే ఉంది.

“చివరి మాట. నీళ్ళతో తుడిచానన్నావు. దేంతో తుడిచావు?”

“దూదితో.”

“ఆ దూది ఎక్కడుంది? పారేశావా?”

లేదు అనబోయి దూదమ్మ ఆగింది.

పారెయ్యలేదు. ఆమె ఎప్పుడూ దూది పారెయ్యదు. ఏడాదికొకసారి వచ్చే దూది నాలుగు నెలలకే అయిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు పెద్దసార్లు అర్జీలమీద సంతకాలు పెడుతూ ఉంటారు, పిట్టలు మాత్రం చావడం ఆపవు. అందుకని పిట్టను తుడిచిన దూదినే ఉండచేసి, కిటికీగట్టున ఆరబెట్టి, ఆ పిట్ట కడుపులోనే మొదటి ఉండగా పెట్టడం, దానిమీద పైపొర మాత్రం కొత్తది చుట్టడం ఆమెకు మొదటి ఏడాది నుంచీ అలవాటు. అది తప్పు. వాడిన దూది కూరకూడదని గోడమీద కాగితం అంటించి ఉంది. ఈ మాట చెబితే ఇంకో తప్పు తనంత తనే మెడకు చుట్టుకున్నట్టు. చెప్పకపోతే వాళ్ళు చుట్టిన అబద్ధం ఎలాగూ ఉంది.

“దాని కడుపులో ఉందండి,” అంది.

“దేని కడుపులో?”

“ఆ పిట్ట కడుపులో. తుడిచిన దూదే లోపల కూరాను.”

బావ తల పట్టుకున్నాడు.

“వాడిన దూది కూరకూడదని తెలుసా?”

“తెలుసండి.”

“ఎన్నాళ్ళుగా చేస్తున్నావు?”

“పంతొమ్మిదేళ్ళుగా.”

“ఎన్ని పిట్టలకి?”

“ఈ మ్యూజియంలో చిన్నపిట్టలన్నిటికీ.”

పరీక్షకురాలు కలం కింద పెట్టింది. గడియారం చూడలేదు. “విప్పు.”

“నమూనాను కొయ్యడానికి నేను ఒప్పుకోను,” అన్నాడు పెద్దసారు.

“ఎందుకండి?” అంది దూదమ్మ. “పాడైపోయింది, ఎందుకూ పనికిరాదని మెమోలో మీరే రాశారు కదా. పనికిరానిదాన్ని కోస్తే ఏం పోతుంది?”

పరీక్షకురాలు అట్టపెట్టెను దూదమ్మ వైపు జరిపింది.

దూదమ్మ తన కత్తెర తీసింది. ఏడు కుట్లు. ఒక్కొక్కటే తెంపింది. పట్టకారుతో పైపొర లాగింది, తెల్లగా వచ్చింది. దానికింద బఠాణీగింజంత ఉండ. కాగితం మీద పెట్టి విప్పింది. ఒక పక్క గోధుమరంగుకు మారిన రక్తం. మిగతాదంతా నారింజ.

“ఈక రంగే ఇది,” అన్నాడు పెద్దసారు. “సోడాకు దిగి దూదికి పట్టింది.”

పరీక్షకురాలు సంచిలోంచి భూతద్దం తీసి చూసింది. చాలాసేపు చూసింది. తరువాత పట్టకారు అడిగి తీసుకుని, దూదిపోగుల్లోంచి ఒకదాన్ని మెల్లగా ఇవతలికి లాగింది. దారంలాంటిది, గోరులో సగం పొడుగు. చివర చిన్న పడవలాంటి తిత్తి. తిత్తి నిండా నారింజ పొడి. భూతద్దం పెద్దసారు చేతికిచ్చింది.

“మీరే చెప్పండి. చదువుకున్నవారు. ఇది ఈక అంటారా?”

ఆయన చూశాడు. చూడక తప్పదు.

“రాసుకుంటున్నాడు. గట్టిగా చెప్పండి.”

“కేసరం,” అన్నాడు పెద్దసారు.

“దేని కేసరం?”

“పువ్వుది.”

బావ రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

“ఇప్పుడు ఆ గాజుపెట్టె తీసి తడి దూది పెట్టమంటారా?” అంది పరీక్షకురాలు. “మీరే పేరు వెనక్కి తీసుకుంటారా?”

పెద్దసారు గాజుపెట్టె తాళంచెవి బల్లమీద పెట్టాడు. పేరు వెనక్కి పోయినట్టే లెక్క. క్షమించమని అనలేదు. అంటాడని ఎవరూ అనుకోలేదు కూడా. ఆవిడకు మూడున్నర బండి తప్పిపోయింది. ఆ కోపం దూదమ్మ మీదే చూపించి వెళ్ళింది.

అద్దాల దొర రాలేదు. నాలుగోరోజు రెండు కాగితాలు వచ్చాయి. మళ్ళీ బావే తెచ్చాడు.

మొదటిదాంట్లో, సోడా వాడిందన్న ఆరోపణ రుజువుకాలేదు కనుక మెమో రద్దు, పాత పనిలోనే కొనసాగవచ్చు అని ఉంది. ఆరోపణ ఎవరు చేశారో, ఎందుకు చేశారో అందులో లేదు. ఆ ఆరోపణ గాలిలో పుట్టి గాలిలో కలిసినట్టు రాశారు. రెండోదాంట్లో, నిబంధనలకు విరుద్ధంగా వాడిన దూదిని నమూనాల్లో కూరినందుకు తీవ్రంగా హెచ్చరించడమైనదని, ముట్టినట్టు సంతకం చెయ్యాలని ఉంది. కింద పెద్దసారు సంతకం, మామూలుకంటే పెద్దది.

“ఇది పెట్టవులే, నాకు తెలుసు,” అన్నాడు బావ. “మళ్ళీ విచారణ. మళ్ళీ మీ అక్క నన్ను తింటుంది.”

దూదమ్మ రెండో కాగితం రెండుసార్లు చదివింది. కలం అడిగింది. సంతకం పెట్టింది.

బావ ఆశ్చర్యపోయాడు. “దానికి పెట్టనిదానివి దీనికెందుకు పెట్టావు?”

“ఇది నిజం కాబట్టి. కూరాను.”

కాగితం ఆయన చేతికిచ్చింది. “కొత్త దూది ఎప్పుడొస్తుందో కూడా కనుక్కో. వచ్చేదాకా పిట్టల్ని చావద్దని చెప్పు. లేకపోతే వాటికి కనపడేట్టు ఆ అద్దానికి నాలుగు కాగితాలు అంటించమను, అదైనా చేస్తారేమో.”

బల్లమీద ఆ తేనెపిట్ట పొట్ట తెరుచుకుని అలాగే ఉంది. ఆమె డబ్బా అడుగున మిగిలిన ఆఖరి తెల్లదూది తీసి, పుల్లకు చుట్టి, లోపల పెట్టి, మళ్ళీ ఏడు కుట్లు వేసింది. కాళ్ళు ఒకదానిమీద ఒకటి పెట్టి కట్టింది. ‘మగ’ అన్న చీటీని తెంపి బావ ముందు పడేసింది.

“కొత్తది రాయి.”

బావ కూర్చున్నాడు. చీటీ తీశాడు. ‘తేనెపిట్ట. ఆడ.’ తారీకు, చోటు రాశాడు. చాలన్నట్టు కలం మూత పెట్టబోయాడు.

“ఇంకా ఉంది. గొంతు తెలుపు. అంటిన రంగు పుప్పొడిది, నీళ్ళకు పోయింది. అద్దానికి గుద్దుకుని చచ్చింది. అన్నీ రాయి.”

“అంత చోటు లేదు మరదలా.”

“వెనక్కి తిప్పు.”

ఆయన చీటీ వెనక్కి తిప్పాడు. కలం పట్టుకుని మేడమీదికి ఒకసారి చూశాడు. “పెద్దసారు చదివితే?”

“చదవడానికే రాయమంటున్నాను.”

బావ ముక్కుమీది కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. రాయడం మొదలుపెట్టాడు.